దిక్కు తప్పిన డ్రోన్

సిద్దిపేటలో ముస్తాబాద్ చౌరస్తా దాటాక, పంచర్ షాపుకూ విత్తనాల దుకాణానికీ నడుమ పది అడుగుల మడిగె ఒకటుంది. బోర్డు మీద ‘స్వర్ణ డ్రోన్ రిపేర్స్’ అని ఉంటుంది. దాని కిందే చిన్న అక్షరాల్లో ‘మిక్సీలు, మైకులు కూడా బాగు చేయబడును’ అని ఉంటుంది. డ్రోన్లు రోజూ పాడవవు కదా. మిక్సీలు పాడవుతాయి.

స్వర్ణకు ముప్పై నాలుగేళ్లు. పుట్టింది కుకునూరుపల్లి దగ్గరి చిన్న ఊళ్లో. తల్లి బీడీలు చుట్టేది. తండ్రి యోహాను ఏ పని దొరికితే ఆ పనికి పోయేవాడు. ఎన్నికలు వచ్చినప్పుడు మాత్రం ఆయనకు ఒక ప్రత్యేకమైన పని దొరికేది. నాయకుల హెలికాప్టర్ దిగడానికి బడి మైదానంలో సున్నంతో పెద్ద గుండ్రం గీసి, నడుమ ఇంగ్లీషు అక్షరం వేయాలి. యోహాను చెయ్యి వంకర పోదని పేరు. పదేళ్ల స్వర్ణ వెంట వెళ్లి సున్నం బకెట్ మోసేది.

అట్లా ఒకసారి తాడుకు ఇవతల నిలబడి చూసింది. హెలికాప్టర్ దుమ్ము లేపుకుంటూ వచ్చి, వేప చెట్టంత ఎత్తున ఆగిపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు, పక్కకు ఒరగదు. కాసేపు అట్లాగే నిలబడి, తర్వాత మెల్లగా కూర్చుంది. కింద ఏ ఆధారమూ లేకుండా ఎట్లా నిలబడిందని నాయినను అడిగింది. లోపల డ్రైవర్ పట్టుకున్నాడని యోహాను చెప్పాడు. పట్టుకున్నవాడు కూడా గాలిలోనే ఉన్నాడు కదా, అతన్నెవరు పట్టుకున్నారని ఆ పిల్ల మళ్లీ అడిగింది. యోహాను బకెట్ కడిగి రమ్మన్నాడు.

జవాబు దొరకడానికి పదమూడేళ్లు పట్టింది. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి, కొన్నాళ్లు సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసి, స్వర్ణ హైదరాబాద్‌లో డ్రోన్లు తయారుచేసే ఒక కంపెనీలో చేరింది. అక్కడ ఆమె పని బోర్డులకు వైర్లు అతకడం. డ్రోన్‌ను గాలిలో నిలబెట్టే బోర్డు అది, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. చిన్నప్పుడు తల్లి పక్కన కూర్చుని బీడీలకు దారం చుట్టిన వేళ్లు కదా, వెంట్రుకంత వైరును కూడా వణకకుండా పట్టుకునేవి.

అక్కడి సూపర్‌వైజర్ ఒకప్పుడు మిలిటరీ హెలికాప్టర్లకు మరమ్మతులు చేసినవాడు. హెలికాప్టర్‌ను గాలిలో ఆపడం ఎంత కష్టమో స్వర్ణకు ఆయనే చెప్పాడు. పైలట్‌కు రెండు చేతులూ రెండు కాళ్లూ ఒకేసారి పనిచేయాలి. ఒకటి కదిలిస్తే మిగతా మూడూ సరిచేసుకోవాలి. పాత వాటిలో చేతి నుంచి పై రెక్కల దాకా ఇనుప కడ్డీలు పోతాయి. కొత్త వాటిలో కడ్డీల బదులు వైర్లు, నడుమ ఒక కంప్యూటర్. పైలట్ ఏం కావాలో చెబితే చాలు, సరిచేసుకునే పనంతా కంప్యూటరే చూసుకుంటుంది. డ్రోన్‌లో పైలట్టే ఉండడు కాబట్టి మొత్తం బరువు ఈ చిన్న బోర్డు మీదే పడింది. ఒరిగానా, జారానా, కిందికి దిగానా అని అది క్షణానికి కొన్ని వందల సార్లు తనను తాను చూసుకుంటుంది. ఏ రెక్కను ఎంత వేగంగా తిప్పాలో ఆ వందల సార్లూ తేల్చుకుంటుంది.

రైతులకు స్వర్ణ దీన్ని ఇంకో రకంగా చెబుతుంది. నెత్తిన బిందె పెట్టుకుని గట్టు మీద నడిచే మనిషి బిందె దిక్కు చూస్తుందా? చూడదు. మెడ చూసుకుంటుంది. ఈ బోర్డు డ్రోన్‌కు మెడ లాంటిది అంటుంది.

స్వర్ణ కంపెనీలో వైర్లు అతుకుతూ, ఎగిరొచ్చిన డ్రోన్ల లెక్కలు చూస్తూ ఉన్న ఆరేళ్లలో ఆ మెడ ఎంతో నేర్చుకుంది. మొదట్లో గాలి వీస్తే డ్రోన్ కొట్టుకుపోయేది, పైలట్ క్షణం కూడా రిమోట్ పుల్ల వదలకూడదు. తర్వాత ఉపగ్రహాలను చూసి ఒకే చోట నిలబడడం వచ్చింది. ఆ తర్వాత పంట ఎత్తును కొలుచుకుంటూ పైకీ కిందికీ సర్దుకోవడం, మందు అయిపోతే వెనక్కి వచ్చి నింపించుకుని ఆగిన సాలు నుంచే మళ్లీ మొదలుపెట్టడం కూడా వచ్చేశాయి. భర్తకు సిద్దిపేట ఆర్టీసీ డిపోకు బదిలీ అయ్యేసరికి జిల్లాలో మందు కొట్టే డ్రోన్లు అక్కడొకటి ఇక్కడొకటి తిరుగుతున్నాయి. బాగుచేసేవాళ్లు లేరు. స్వర్ణ మడిగె కిరాయికి తీసుకుంది.

పోయిన వానకాలంలో చంద్లాపూర్ నుంచి భూపతి అనే రైతు ట్రాలీ ఆటోలో డ్రోన్ వేసుకుని వచ్చాడు. రంగనాయక సాగర్ పక్కన పొలాలున్నవాడు, ఊళ్లో నలుగురు మాట వినే మనిషి. ఆయన కోడలు దీక్షిత కూడా వచ్చింది. పెళ్లయి ఏడాది కాలేదు. బీఎస్సీ చదివింది, శిక్షణకు పోయి డ్రోన్ నడిపే సర్టిఫికెట్ తెచ్చుకుంది. భూపతి డ్రోన్ కొన్నదే ఆ ధైర్యంతో. తమ పొలాలకే కాక చుట్టుపక్కల వాళ్లకూ కొడుతున్నారు.

డ్రోన్‌కు వచ్చిన జబ్బు వింతగా ఉంది. చక్కగా లేస్తుందట, లేచి నిలబడుతుందట. కాసేపటికి ఉన్నచోటే చిన్న గుండ్రం తిరగడం మొదలుపెడుతుందట. ఆ గుండ్రం పెద్దదవుతూ పోతుంది. దీక్షిత ఎట్లాగో దించుతోంది కానీ మందు మాత్రం కొట్టలేకపోతున్నారు.

స్వర్ణ మడిగె వెనక ఖాళీ జాగాలో ఎగరేసి చూసింది. మేకు కొట్టినట్టు నిలబడింది. పది నిమిషాలు చూసి, అన్ని స్క్రూలూ బిగించి పంపించింది. నాలుగు రోజులకు మళ్లీ తెచ్చారు. మళ్లీ మేకు కొట్టినట్టే నిలబడింది. మూడోసారి తెచ్చినప్పుడు భూపతి నవ్వాడు. దవాఖానకు తెస్తే నొప్పి పోయే ముసలోళ్లుంటరు, ఇది కూడా గా బాపతేనా అన్నాడు. స్వర్ణకు నవ్వు రాలేదు. తనే పొలానికి వస్తానని చెప్పింది.

మర్నాడు స్కూటీ మీద చంద్లాపూర్ పోయింది. అంతకు ముందే డ్రోన్ లోపల దాచిన లెక్కలు తీసి చూసింది. ఎగిరిన ప్రతిసారీ ఏ క్షణం ఎటు తిరిగిందో, ఎంత ఒరిగిందో బోర్డు తనలో రాసి పెట్టుకుంటుంది. పొలంలో ఎగిరినప్పుడల్లా డ్రోన్ ముఖం నిజంగా ఒక దిక్కుకుంటే, దిక్సూచి ఇంకో దిక్కు చూపిస్తోంది. బోర్డు ఎంత తెలివైనదైనా దిక్కు విషయంలో ఆ సూది మాటే నమ్ముతుంది. గాలి కాస్త తూర్పుకు నెడితే పడమరకు జరగాలనుకుంటుంది. కానీ సూది అబద్ధం చెబుతోంది కాబట్టి దక్షిణానికి జరుగుతుంది. తప్పు జరిగిందని మళ్లీ సరిచేసుకుంటుంది, అదీ తప్పే. అందుకే ఆ గుండ్రాలు.

ఇనుమో, కరెంటో సూదిని తిప్పుతోందని స్వర్ణ అనుకుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా జరిపించింది. బోరు పైపులకు దూరంగా జరిపించింది. ఇంక ఎగరేద్దామనేసరికి భూపతి భార్య బాలమణి గట్టు మీదుగా వచ్చింది. కొంగు ముడి విప్పి, బొటనవేలంత ఇత్తడి రంగు కొమురవెల్లి మల్లన్నను తీసి, కళ్లకద్దుకుని, డ్రోన్ నెత్తి మీద పెట్టింది. టక్కుమని అతుక్కుంది.

కారు ముందు భాగంలో పెట్టుకునే చిన్న విగ్రహం అది. కింద అయస్కాంతం. డ్రోన్ ఒంట్లో పై భాగమంతా ఇనుము కానిదే. జీపీఎస్ డబ్బా కింద ఉన్న చిన్న ఉక్కు పట్టీ ఒక్కటే ఇనుము. దేవుడికి కూర్చోవడానికి వేరే చోటు దొరకలేదు. దిక్సూచి ఉండేది సరిగ్గా దాని పైనే.

మూడుసార్లు మడిగెకు తెచ్చినప్పుడూ బాలమణి దేవుణ్ని తీసి ఇంట్లో పెట్టి పంపింది. మెకానిక్ దగ్గర దేవుణ్ని ఎవరు వదిలిపెడతారు? మొదటిరోజు దీక్షిత రిమోట్ పట్టుకుని నిలబడితే, ఆ రెక్కల చప్పుడు విని ఆమె గుండె ఆగినంత పనయిందట. కోడలికి ఏమీ కావద్దని జాతరలో కొన్న మల్లన్నను తెచ్చి పెట్టింది. ఇదంతా స్వర్ణకు ఆమే చెప్పింది, ఎంతో ప్రేమగా.

స్వర్ణకు జబ్బు దొరికింది, చెప్పడమే కష్టం. చర్చికి పోయే ఇంటి పిల్ల తను. తన తండ్రి ఇట్లాంటి పొలాల్లోనే కూలికి వంగినవాడు. మీ దేవుడి వల్లే డ్రోన్ తిరుగుతోందని ఈ ఇంటి ఇల్లాలితో తను ఎట్లా అనగలదు? ఎంత నెమ్మదిగా చెప్పినా అది ఊళ్లోకి పోయేసరికి ఇంకో మాట అవుతుంది. అందుకని తేలికైన దారి చూసుకుంది.

“అమ్మా, పురుగుల మందు తుంపర దేవుని మీద పడ్తది. మంచిగుండదేమో.”

బాలమణి లెంపలేసుకుని మల్లన్నను తీసి మళ్లీ కొంగున కట్టుకుంది. డ్రోన్ లేచింది. నిలబడింది. ఎకరం పొలానికి సాలు తప్పకుండా మందు కొట్టింది. ఏం చేశావని భూపతి అడిగితే ఒక వైరు వదులైందని, బిగించానని చెప్పింది. అది రెండో అబద్ధం. దీక్షిత ఏదో అనబోయి ఊరుకున్నట్టు అనిపించింది కానీ స్వర్ణ పట్టించుకోలేదు. బాలమణి ఇచ్చిన బీరకాయలు స్కూటీకి తగిలించుకుని హాయిగా ఇంటికొచ్చింది.

తొమ్మిదో రోజు ఆటో మళ్లీ మడిగె ముందు ఆగింది. డ్రోన్ నిండా బురద. రెక్కలు మోసే చేతులు రెండు విరిగి వేలాడుతున్నాయి. వరి మడిలో పడిందని భూపతి చెప్పాడు. ఈసారి దీక్షిత రాలేదు. మనుషులకేమీ కాలేదు కానీ ఊళ్లో మాటలు మొదలయ్యాయట. ఆడపిల్ల చేతికిస్తే అట్లనే ఉంటదని హోటల్ దగ్గర నవ్వుతున్నారట. గజ్వేల్ నుంచి జీతానికి ఒక పైలట్‌ను మాట్లాడదామని చూస్తున్నానని అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన స్వర్ణ ముఖం చూడలేదు.

ఆయన వెళ్లాక స్వర్ణ బురద కడగడం మొదలుపెట్టింది. జీపీఎస్ డబ్బా కింద చేతికి ఏదో తగిలింది. చిన్న ప్లాస్టిక్ కవరు, దారంతో నాలుగు చుట్లు గట్టిగా కట్టి ఉంది. లోపల మల్లన్న, ఒక్క చుక్క కూడా తడవకుండా ఉన్నాడు.

మందు పడుతుందని చెప్పింది తనే. పడకుండా బాలమణి ఉపాయం చేసింది.

స్వర్ణ దారం విప్పి మల్లన్నను బల్ల మీద పెట్టింది. ఆ తర్వాత లాప్‌టాప్ తగిలించి చివరిసారి ఎగిరిన లెక్కలు తీసింది. అవి చదివాక ఇంక ఆమెకు కుదురు లేదు.

యోహాను ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటున్నాడు, సాయంత్రం ఆయన ఇంటికొస్తే సంగతంతా చెప్పింది. ఆయన అన్నం తింటూ విన్నాడు. రిపేరు ఊరికే చేసివ్వమన్నాడు. దేవుడి ముచ్చట మాత్రం ఎత్తొద్దన్నాడు.

“పెద్దోళ్ల ఇంట్ల సంగతి. మనకెందుకు బిడ్డా.”

“ఆ పిల్ల పేరు వోతుంది నాయినా. నా మాటతోని.”

యోహాను పొద్దున్న ఆమె బయల్దేరుతుంటే స్కూటీ టైరులో గాలి ఉందో లేదో నొక్కి చూశాడు.

మల్లన్నను పనిముట్ల డబ్బాలో వేయడానికి స్వర్ణకు చెయ్యి రాలేదు. కొత్త చేతిరుమాలులో చుట్టి, కడిగిన టిఫిన్ డబ్బాలో పెట్టి తీసుకెళ్లింది. చంద్లాపూర్‌లో వాళ్ల ఇంటి వసారాలో ముగ్గురూ ఉన్నారు. దీక్షిత మూలన కూర్చుని చిక్కుళ్లు తుంచుతోంది. స్వర్ణ ముందు డబ్బా తీసి బాలమణి చేతికిచ్చింది. తర్వాత నిలబడే చెప్పింది.

“అమ్మా, ఆ దినం నేను అబద్ధమాడిన. మందు తుంపర కాదు. ఈ విగ్రహం కింద సూదంటురాయి ఉన్నది. అది డ్రోన్‌కు దిక్కు తెల్వకుండ చేస్తుంది. తప్పు నాది. దీక్షితది కాదు.”

స్వర్ణ తన ఫోనులో దిక్సూచి తెరిచి బల్ల మీద పెట్టింది. మొదట తన స్క్రూడ్రైవర్ అయస్కాంతపు మొన దగ్గరికి తెచ్చింది. సూది తిరిగింది. తీసేస్తే వెనక్కి వచ్చింది. తర్వాత మల్లన్నను పెట్టమని బాలమణినే అడిగింది. బాలమణి పెట్టింది, సూది గిర్రున పక్కకు పోయింది. తీసింది. మళ్లీ పెట్టింది. ఐదారు సార్లు అట్లాగే చేసింది. ఆమె ముఖంలో కోపం ఉందో లేదో స్వర్ణకు అంతు పట్టలేదు.

“దేవుడేం జేసిండు,” అంది చివరికి. “రాయి అతికిచ్చి అమ్మినోడు జేసిండు. గిది ఆ దినమే చెప్తే అయిపోవు గదా.”

“భయమైంది అమ్మా. మేము చర్చికి పోయేటోళ్లం. మీ దేవున్ని తియ్యమంటే ఏమనుకుంటరోనని.”

బాలమణి మల్లన్నను కొంగున కట్టుకుంది. “అనుకుందు గావచ్చు,” అంది. “నువ్వు చెప్పకపోతివి, నాకెట్ల తెల్వాలె.”

స్వర్ణ అప్పుడు కూర్చుంది. లాప్‌టాప్ భూపతి వైపు తిప్పి, ఆ రోజు ఎగిరిన గీతను చూపించింది. డ్రోన్ గుండ్రాలు మొదలుపెట్టిన నాలుగో క్షణంలోనే దీక్షిత దిక్సూచినీ ఉపగ్రహాలనూ పక్కన పెట్టి, పూర్తిగా చేత్తో నడిపే పద్ధతికి మార్చింది. అంటే బోర్డు చేసే పనిలో సగం తన వేళ్ల మీద వేసుకుంది. ఆ పక్క మడిలో అప్పుడు కలుపు తీస్తున్న ఆడవాళ్లు ఏడెనిమిది మంది ఉన్నారని భూపతే చెప్పాడు. గీత వాళ్లకు ఎదురుగా పోయి, ఉన్నట్టుండి మలుపు తిరిగి, మనుషులు లేని మడి నడుమ ఆగిపోయింది.

“గిది పడ్డది కాదు సార్. పడేసింది. మనుషుల మీద పడొద్దని బురదల దించింది. ఆరేండ్లు గివే లెక్కలు చూసిన నేను. అంత గాలిల, అంత బరువుతోని గిట్ల తిప్పుడు అందరితోని కాదు.”

భూపతి ఆ గీతను మళ్లీ చూపించమన్నాడు. మూడుసార్లు చూశాడు. దీక్షిత తల ఎత్తలేదు, చేతిలో చిక్కుడు మాత్రం ఎప్పుడో ఆగిపోయింది. ఆయన లేచి వాకిట్లోకి పోయి, గజ్వేల్ అతనికి ఫోను చేసి, పైలట్ అక్కర్లేదు, మా ఇంట్లోనే ఉన్నది అని చెప్పాడు. వసారాలోకి వినిపించేంత గట్టిగానే చెప్పాడు.

మరి మల్లన్నను ఎక్కడ పెట్టాలని బాలమణి అడిగింది. ఆ మాటకు మొదటిసారి దీక్షిత నోరు విప్పింది. ట్రాలీ ఆటోలో అద్దం కింద పెడదామంది. పొలం దాకా ఆటో వస్తుంది, డ్రోన్ లేచేది దానికి ఇరవై అడుగుల దూరాన. బాలమణి అత్తగారి గొంతుతో, మరి గీ ముచ్చట నీకు ముందే తెల్వదా, చదువుకున్నవు గదా అంది. అనుమానం వచ్చిందని దీక్షిత ఒప్పుకుంది. కొత్త కోడల్ని, నోరెట్ల లేస్తదత్తమ్మా అంది. బాలమణికి నవ్వొచ్చింది. ఇద్దరు చదువుకున్నోళ్లు కలిసి తనను తెలివి తక్కువదాన్ని చేశారంటూ టీ పెట్టడానికి లోపలికి పోయింది.

డ్రోన్ బాగవడానికి వారం పట్టింది. విరిగిన చేతుల బదులు కొత్తవి హైదరాబాద్ నుంచి రావాల్సి వచ్చింది. కూలి తీసుకోనని స్వర్ణ అంటే భూపతి ఊరుకోలేదు, సగం తీసుకుంది. ఆ ఏడు దీక్షిత మూడు ఊళ్ల వరికి మందు కొట్టింది. హోటల్ దగ్గర మాటలు ఇంకో సంగతి మీదికి పోయాయి.

ఆ తర్వాత నుంచి స్వర్ణ డ్రోన్ తెచ్చినవాళ్లను మొట్టమొదట అడిగేది ఒకటే ప్రశ్న. పొలంలో ఎగరేసే ముందు దీనికి ఏమన్నా కడతారా, పెడతారా? అడగడం మొదలుపెట్టాక ఎన్నో బయటపడ్డాయి. దిష్టికి నిమ్మకాయ కట్టేవాళ్లున్నారు, దానితో పెద్ద నష్టం లేదు, బరువు ఒకవైపు ఒరగకుండా నడుమ కట్టుకోమంటుంది. ఒకాయన వీడియో తీద్దామని సెల్‌ఫోన్ రబ్బరు బ్యాండ్లతో బిగించాడు. చేర్యాల దిక్కు నుంచి వచ్చిన ఒకామె పాత రేడియో స్పీకర్ ముక్కను అందానికి అతికించింది. అది చూసి స్వర్ణ, మా చర్చి మైకు డబ్బాలో కూడా ఇదే రాయి ఉంటుందని చెప్పి, తనే పీకేసింది. ఇప్పుడు ఏ మాటైనా ఎదురుగానే చెబుతోంది. ఒకరిద్దరు ముఖం ముడుచుకుని పోయారు కూడా. పోనీ అంటుంది.

సూదితో పనిలేని బోర్డులు కూడా వస్తున్నాయి. డ్రోన్‌కు రెండు కొసల్లో రెండు యాంటెనాలు పెట్టి, ఉపగ్రహాలను బట్టే తన ముఖం ఎటుందో తేల్చుకునే రకం. స్వర్ణ ఒకటి తెప్పించి, విప్పి, మళ్లీ బిగించి చూసింది. మంచిదేగానీ ధర ఎక్కువని, ఇంకో రెండేళ్లకు మన పొలాలకు వస్తుందని అంటోంది.

సోమవారం సోమవారం దీక్షిత చంద్లాపూర్ నుంచి బస్సెక్కి మడిగెకు వస్తోంది. నడపడం వచ్చు, బాగుచేయడం కూడా నేర్చుకుంటానంది. ఈ సంగతులన్నీ విని రాసుకోవడానికి నేను ఆ మడిగెకు పోయిన రోజు ఆమె మొదటి వైరు అతికింది. అతుకు వేసిన సీసం ముద్దగా, పిడకలా పడింది. స్వర్ణ కళ్లజోడు పైకి నెట్టి చూసి, ఏమీ అనకుండా దాన్ని కరిగించి తుడిచేసింది. మళ్లీ అతకమని వైరు చేతికిచ్చి, తను మిక్సీ ముందు కూర్చుంది.